గుమ్మం మీద మూడు నంబర్లు

మా అమ్మ ఉంటున్న ఇంటి గుమ్మం మీద మూడు నంబర్లున్నాయి. మొదటిది తారుతో రాసింది, 2-61. ప్రతి సంక్రాంతికీ దాని మీద సున్నం పడుతుంది, వానాకాలం వచ్చేసరికి మళ్ళీ పైకి తేలుతుంది. రెండోది నీలం రేకు ముక్క, 3-48/1. పంచాయతీ వార్డులు మార్చినప్పుడు కొట్టి వెళ్ళారు. రెండు మేకుల్లో ఒకటి తుప్పు పట్టి ఊడిపోయింది, గాలి వచ్చినప్పుడల్లా రేకు తలకిందులుగా ఊగుతుంది. మూడోది పోయిన వేసవిలో అంటించిన స్టిక్కరు, 5-117. పక్కనే ఫోనుతో స్కాన్ చేసుకునే నలుపు తెలుపు గళ్ళ చదరం కూడా ఉంది. నేను స్కాన్ చేసి చూశాను. తెల్ల పేజీ వచ్చింది.

తలుపు మీద సుద్దముక్క రాతలు ఈ లెక్కలో కలపలేదు. పోలియో చుక్కల వాళ్ళు, జనాభా లెక్కల వాళ్ళు, దోమల మందు వాళ్ళు ఎవరి గుర్తు వాళ్ళు గీసుకుని పోతారు. వాటిని అమ్మ తడిగుడ్డతో తుడిచేస్తుంది. స్టిక్కరుని కూడా తుడవబోయింది, నేనే ఆపాను.

ఆ నెలలోనే అమ్మకి బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. ఖాతా వివరాలు సరిచూసుకుంటున్నారట. అడ్రసు చెప్పమంటే అమ్మ చాలా మర్యాదగా, "ఏ నంబరు కావాలండీ, మాకు మూడున్నాయి" అంది. అటుపక్క కుర్రాడు వేళాకోళం అనుకుని ఫోను పెట్టేశాడు. ఆ పెట్టేసిన ఫోను వల్ల నేను కాకినాడ నుంచి మూడుసార్లు ఊరికి వెళ్ళాల్సొచ్చింది. ఈ రాతంతా ఆ మూడు ప్రయాణాల్లో బస్సులో కూర్చుని ఆలోచించిందే.

కొత్త నంబర్లు వద్దని నేను అనడం లేదు. ఊళ్ళకి నంబర్లెందుకు, అందరికీ అందరూ తెలుసుగా అనే మాట నాకు బొత్తిగా నచ్చదు. ఎందుకు నచ్చదో చెప్తాను.

రెండేళ్ళ కిందట కార్తీక మాసంలో ఒక రాత్రి అమ్మకి ఆయాసం ఎక్కువైంది. ఎదురింటి పిన్నిగారు అంబులెన్సుకి ఫోను చేశారు. అడ్రసు అడిగితే, "రామాలయం దాటి కాలవ గట్టునే వచ్చెయ్యండి, మావిడిచెట్టు దగ్గర పుంత దారిలోకి తిరగండి" అని చెప్పారు. ఆ మావిడిచెట్టు 1996 నవంబరు తుపానుకి పడిపోయింది. మా ఊరివాళ్ళకి మాత్రం అది ఇంకా అక్కడే ఉంది. దారి చెప్పేటప్పుడు ఎవరూ దాన్ని వదలరు. అంబులెన్సు డ్రైవరు పై ఊరివాడు, లేని చెట్టు కోసం ఎంతసేపు వెతుకుతాడు పాపం. ఫోన్లో మ్యాపు పెట్టుకుని వచ్చాడు. మ్యాపు చూపించిన చుక్కకి సరిగ్గా ఎదురుగానే వచ్చి ఆగాడు, కానీ కాలవకి అవతలి గట్టు మీద. మధ్యలో నలభై అడుగుల నీళ్ళు. దగ్గర్లో ఉన్న వంతెన మైలు దూరం, అదీ లారీ పట్టనిది. ఇటు నుంచి పిన్నిగారి అబ్బాయి టార్చి ఊపుతున్నాడు, అటు నుంచి వ్యాను లైటు వేసి ఆర్పుతోంది. అంబులెన్సు చుట్టూ తిరిగి వచ్చేసరికి మరో ఇరవై అయిదు నిమిషాలు.

అమ్మకి ఏమీ కాలేదు. ఆక్సిజన్ పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళారు, మూడో రోజు ఇంటికి వచ్చి కందిపచ్చడి చేసుకుంది. కానీ ఆ రాత్రి నాకు ఒకటి అర్థమైంది. అడ్రసు అనేది ఇంట్లో ఉన్నవాళ్ళకి అక్కర్లేదు. ఎప్పుడూ రానివాడు, మన భాష రానివాడు, రాత్రిపూట వచ్చేవాడు, వాడి కోసం అడ్రసు. వాడు మనల్ని పట్టుకోగలిగితే అది మంచి నంబరు. లేకపోతే ఎంత అందంగా అచ్చువేసినా స్టిక్కరే.

అందుకే కొత్త నంబర్లు వస్తున్నాయనగానే ఊళ్ళో అందరికంటే ముందు సంతోషించింది నేను. తీరా 5-117 వచ్చాక చూస్తే మా పక్కిల్లు 5-118 కాదు. అది 5-130. 5-118 ఎక్కడుందంటే కాలవకి అవతల ఉంది. మళ్ళీ అవతలి గట్టే!

ఇదేమిటని గ్రామ సచివాలయానికి వెళ్ళి అడిగాను. అక్కడి కుర్రాడు మంచివాడు, దాచకుండా చెప్పాడు. "పన్ను రిజిస్టరులో వరసగా ఉన్న పేర్లకి వరసగా నంబర్లిచ్చేశాం మేడమ్. ఇల్లిల్లూ తిరిగి వేసే టైము లేదు." ఆ రిజిస్టరు వరస ఎక్కడిదంటే, ఒకప్పటి బిల్లు కలెక్టరు సైకిలు మీద తిరిగిన దారి అది. ఆయన పొద్దున్న ఇటు గట్టు మీద కొన్ని ఇళ్ళు చూసుకుని, ఎండ ఎక్కేసరికి పడవ దాటి అవతల కాఫీ తాగి, అక్కడ కొన్ని ఇళ్ళు రాసుకునేవాడట. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన కాఫీ దారిలో ఇవాళ మా ఊరి నంబర్లు నడుస్తున్నాయి.

నంబర్లు ఎప్పుడూ అడిగేవాడి సౌకర్యానికే పుట్టాయి, ఇందులో మా పంచాయతీని ప్రత్యేకంగా తిట్టాల్సిన పని లేదు. ఆస్ట్రియాని ఏలిన మరియా థెరిసా 1770లో తన రాజ్యంలో ఇళ్ళకి నంబర్లు వేయించింది. సైన్యానికి పనికొచ్చే మగవాళ్ళు ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోవడానికి. మనకి సైన్యం బదులు ఇంటి పన్ను. అంతే తేడా.

కానీ అదే కాలానికి కాస్త అటూ ఇటూగా ఇంకో ఊరివాళ్ళు వేరే రకంగా ఆలోచించారు. ఇది చదివిన రోజు నేను ఎగిరి గంతేశాను. పారిస్‌లో 1805లో ఇళ్ళకి నంబర్లు వేసినప్పుడు లెక్కని సీన్ నది నుంచి మొదలుపెట్టారు. నదికి అడ్డంగా పోయే వీధుల్లో నది దగ్గరి ఇల్లు ఒకటో నంబరు, దూరం వెళ్తున్నకొద్దీ అంకె పెరుగుతుంది. నది వెంబడి సాగే వీధుల్లో నీళ్ళు పారే వైపుకి అంకె పెరుగుతుంది. వీధికి ఒక పక్క బేసి సంఖ్యలు, రెండో పక్క సరి సంఖ్యలు. దారి తెలియనివాడు కూడా రెండు గుమ్మాలు చూసి నది ఎటుందో చెప్పేయొచ్చు.

నది పేరు చెప్పుకుని బతికే మనకి ఈ ఆలోచన రాకపోవడం ఏమిటి?

మాది కోనసీమ. గోదావరి పాయలైన గౌతమికీ వశిష్ఠకీ మధ్య, కొబ్బరి నీడలో. వీధి అనదగ్గవి మా ఊళ్ళో రామాలయం చుట్టూ నాలుగే ఉన్నాయి. మిగిలిన ఊరంతా తోటల్లో ఉంది. మూడు కుంచాల తోట, మధ్యలో పెంకుటిల్లు, చుట్టూ దడి, దడి పక్కన బోదె, బోదె మీద రెండు తాటిదూలాల వంతెన. రోడ్డు మీంచి చూస్తే ఇల్లు కనపడదు. వీధి పేరూ వరస నంబరూ అనే పద్ధతి బారుగా ఇళ్ళున్న ఊళ్ళ కోసం తయారైంది. మా ఊళ్ళో బారుగా ఉండేది ఒకటే, కాలవ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఇక్కడ మనుషులు కాలవని పట్టుకునే దారి చెప్తున్నారు. లాకుల దగ్గర, రేవు పక్కన, పి. గన్నవరం వెళ్తే అక్విడెక్టు దిగాక, అమలాపురం వెళ్తే ఎర్రవంతెన దగ్గరా నల్లవంతెన దగ్గరా. మా ఊరి పదేళ్ళ పిల్లని ఉత్తరం ఎటు అంటే తడుముకుంటుందేమో గానీ ఎగువ ఎటు, దిగువ ఎటు అంటే ఆలోచించకుండా చెయ్యి చూపిస్తుంది.

కాబట్టి నేను అడిగేది ఇది. నంబర్లు కాలవ వెంబడి వెయ్యండి. ఎగువన ఒకటో నంబరు, దిగువకి పోయేకొద్దీ పెరగాలి. నీళ్ళు పారే వైపు మొహం పెట్టి నిలబడితే ఎడమ గట్టు ఇళ్ళన్నిటికీ బేసి సంఖ్యలు, కుడి గట్టు ఇళ్ళన్నిటికీ సరి సంఖ్యలు. గట్టు నుంచి లోపలికి పోయే ప్రతి పుంతకీ మొదట్లో ఒక బోర్డు, దాని మీద లోపలున్న నంబర్లు. ఆ రాత్రి అంబులెన్సు డ్రైవరుకి పిన్నిగారు 117 అని ఒక్క మాట చెప్తే చాలు. బేసి సంఖ్య, ఎడమ గట్టు. లేని మావిడిచెట్టుతో పని లేదు.

సచివాలయం కుర్రాడు ఇది విని, "బావుంది మేడమ్, కానీ సాఫ్ట్‌వేర్‌లో గట్టు అనే కాలమ్ లేదు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక పాత నంబర్ల సంగతి. అంకెలే కదా, చెరిపి కొత్తవి రాస్తే ఏం పోయింది అంటారు కొందరు. వాళ్ళు అన్నదమ్ముల పంపకాలు చూడనివాళ్ళు అయ్యుండాలి.

మా రెండో నంబరు 3-48/1 అన్నాను కదా. ఆ 'బై ఒకటి' వెనక పంపకాలున్నాయి. తాతగారి ఇంటిని నిలువునా రెండు వాటాలు చేసినప్పుడు తూర్పు వాటా పెదనాన్నకి, పడమర వాటా మాకు వచ్చింది. పాత గుమ్మం మా వాటాలోకే వచ్చింది. కానీ పెద్దవాడు కాబట్టి అసలు నంబరు 3-48 పెదనాన్న పేరున పెట్టి, మాకు బై ఒకటి తగిలించారు. అమ్మకి అది ముప్ఫయ్యేళ్ళ నొప్పి. "గుమ్మం మనది, నంబరు వాళ్ళది. మనం వాళ్ళింటికి తోకలా ఉన్నాం" అనేది. పెళ్ళి శుభలేఖల మీద మా అడ్రసు రాసేటప్పుడు ఆ బై ఒకటి నా చేత చాలా చిన్నగా రాయించేది.

మా పక్క వీధిలో ఒకరిది 1-22/2/A/1. ఆ నంబరు చదివితే మూడు తరాల పంపకాలు చదివినట్టే. తాతకి ఇద్దరు కొడుకులు, రెండో కొడుక్కి మళ్ళీ ఇద్దరు, వాళ్ళలో పెద్దవాడు పెరట్లో ఇంకో గది వేసి అద్దెకిచ్చాడు. మనకి మనిషి పేరు ముందు ఉండేదాన్ని ఇంటిపేరు అంటాం. ఇల్లు లేకపోయినా ఇంటిపేరు ఉంటుంది. ఈ బై నంబర్లు దాదాపు అలాంటివే. ఎవరి ఇల్లు ఎవరి ఇంట్లోంచి పుట్టిందో చెప్తాయి.

అలాగని అవి ఉండిపోవాలని నేను వాదించలేను. మా అమ్మే నా వాదాన్ని దెబ్బకొట్టింది. కొత్త స్టిక్కరు మీద 5-117 చూసి అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసి, "ఇన్నాళ్ళకి బై పోయిందే" అంది. పెదనాన్న వాళ్ళకి 5-121 వచ్చింది. అమ్మ లెక్కలో మేం నాలుగు మెట్లు ముందున్నాం.

ఇంకో పెద్దాయన గోల ఇంకోలా ఉంది. ఆయనకి 5-12 వచ్చింది. కూడితే ఎనిమిది. ఎనిమిది శని అంకె అని ఆయన స్టిక్కరు అంటించనివ్వలేదు. 5-13 ఇస్తే తొమ్మిది వస్తుంది కదా అని పక్కింటాయనతో మాట్లాడుకుని ఇద్దరూ స్టిక్కర్లు మార్చేసుకున్నారు. పక్కింటాయన క్రైస్తవుడు, ఎనిమిదితో ఆయనకి పేచీ లేదు, పదమూడంటేనే పడదు. ఇద్దరూ హాయిగా ఉన్నారు. కంప్యూటరులో మాత్రం ఆయన ఇంట్లో ఈయన, ఈయన ఇంట్లో ఆయన కాపురం ఉంటున్నారు.

నవ్వొచ్చే సంగతులు అయిపోయాయి. కాగితాల దగ్గరికి వద్దాం.

అమ్మ ఆధార్ మీద 3-48/1 ఉంది. కరెంటు బిల్లు మీద 2-61, ఎందుకంటే మీటరు తాతగారి కాలంలో పెట్టించింది. ఈ ఏడాది ఇంటి పన్ను రసీదు మీద 5-117. ఇంటి దస్తావేజులో నంబరే లేదు. తూర్పు ఫలానావారి కొబ్బరితోట, దక్షిణం పంచాయతీ పుంత, పడమర ఫలానావారి దొడ్డి, ఉత్తరం పంటబోదె, ఈ నాలుగు హద్దుల మధ్య స్థలము, అందులో పెంకుటిల్లు అని రాసుంది. మా తాతలకి ఇల్లంటే చుట్టుపక్కలవాళ్ళు. హద్దులు చెప్తే ఇల్లు తెలుస్తుంది. ఆ హద్దుల్లో ఇద్దరు ఇప్పుడు లేరు, వాళ్ళ తోట మూడు చేతులు మారింది. ఆ పద్ధతీ ఒడ్డెక్కించేది కాదు, ఒప్పుకుంటాను.

బ్యాంకులో మా సంభాషణ ఇలా సాగింది.

"ఇల్లు మారారా అండీ?"

"లేదండీ, నంబరు మారింది."

"అయితే పాత ఇంటి ప్రూఫు ఒకటి, కొత్త ఇంటి ప్రూఫు ఒకటి కావాలి."

"రెండూ ఒకటే ఇల్లండీ."

"ఒకటే అని ప్రూఫు ఉందాండీ?"

ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. ఒకటే అని ప్రూఫు మా దగ్గర లేదు. ఆ ప్రూఫు ఇవ్వగలిగింది నంబరు మార్చిన ఆఫీసు ఒక్కటే. ఆ ఆఫీసుని అడిగితే, "ముందు ఆధార్‌లో మార్పించుకు రండి, అప్పుడు ఇస్తాం" అన్నారు. ఆధార్ కేంద్రానికి వెళ్తే, "పంచాయతీ నుంచి కాగితం తెచ్చారా?" అన్నారు. ఆధార్‌లో అడ్రసు మార్పుకి 75 రూపాయలు. పెద్ద మొత్తం కాదు. కానీ 74 ఏళ్ళ మనిషిని ఆటోలో ఎక్కించి, మండల కేంద్రానికి తీసుకెళ్ళి, టోకెను తీసుకుని, సర్వర్ డౌన్ అంటే తిరిగొచ్చి, మర్నాడు మళ్ళీ వెళ్ళడం ఉంది చూశారూ, దాని ధర ఏ రసీదు మీదా ఉండదు. కూలికి పోయేవాళ్ళకి అది రెండు రోజుల కూలి. ఊళ్ళో ఇంటింటికీ అదే పని.

మేం ఇల్లు కదల్లేదు. మా గుమ్మం మీదకి ఎవరో వచ్చి అంకె మార్చి వెళ్ళారు. మార్చినవాళ్ళే ఒక కాగితం ముక్క మీద "2-61, 3-48/1, 5-117 మూడూ ఒకే ఇల్లు" అని రాసి, స్టాంపు కొట్టి, స్టిక్కరుతో పాటే చేతికిచ్చి ఉంటే ఎవరికీ ఏ తిరుగుడూ ఉండేది కాదు. ఒక్క వాక్యం. దానికి అప్లికేషను ఎందుకు, రుసుము ఎందుకు? పాత రేకు పీకి పారేయమని చెప్పడం దేనికి? నేనైతే పీకనివ్వను. ఊడిపోయిన మేకు కూడా మళ్ళీ కొట్టించాను.

ఓటర్ల జాబితా సంగతి చెప్పి టెన్షన్ పెంచను గానీ, అక్కడ కూడా ఇంటి నంబరు గడి ఒకటుంది. నంబరు లేని ఇళ్ళ ఎదురుగా సున్నా పడుతుందని 2025 ఆగస్టులో ఎన్నికల సంఘమే వివరణ ఇచ్చుకోవాల్సొచ్చింది. దేశంలో గుమ్మం మీద అంకె లేని ఇళ్ళు అన్ని ఉన్నాయి మరి. మా ఊళ్ళో ఉన్న ఇబ్బంది వేరు. ఇక్కడ సున్నా లేదు, మూడున్నాయి.

కొన్నేళ్ళ పాటు ఈ ఇబ్బంది ఎవరికీ కనపడలేదు. కారణం ప్రభుత్వం పెట్టిన గ్రామ వాలంటీర్లు. 2019 ఆగస్టులో వాళ్ళు వచ్చారు, అక్టోబరు 2న ఇక్కడికి దగ్గర్లోని కరపలోనే గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరికి యాభై ఇళ్ళు. ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను గుమ్మంలోకి వచ్చేది. మా వాలంటీరు అమ్మాయికి ఇంటి నంబరుతో పనేముంది, ఎవరింట్లో కుక్క కరుస్తుందో కూడా తెలుసు. ఆ ఏర్పాటు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, నేను దిగను. కానీ యాభై ఇళ్ళు గుర్తుపెట్టుకున్న మనిషే అడ్రసుల పుస్తకం అయిపోయింది. ఆ మనిషి పక్కకి తప్పుకున్నాక, కొత్తగా వచ్చిన సచివాలయం ఉద్యోగి నా కళ్ళముందే మా పుంతలో నిలబడి, "ఈ 5-131 ఎక్కడండీ?" అని అడుగుతున్నాడు. మనిషి గుర్తు మనిషితో పోతుంది. మా పోస్టుమేన్ గారికి కూడా ఇంకో రెండేళ్ళే సర్వీసుంది.

తపాలావాళ్ళు దీనికి ఒక మందు కనిపెట్టారు. 2025 మే నెలలో డిజిపిన్ అని తెచ్చారు. హైదరాబాదు ఐఐటీ, అక్కడే బాలానగర్‌లో ఉన్న ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి పనిచేశాయి. దేశం మొత్తాన్ని దాదాపు నాలుగు మీటర్లకి నాలుగు మీటర్ల గళ్ళుగా కోసి, ప్రతి గడికీ అక్షరాలూ అంకెలూ కలిపి పది గుర్తుల పేరు పెట్టారు. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడు ఒక ప్రాంతం వరకే తెస్తుంది. మాకు 533తో మొదలవుతుంది. యానాం పుదుచ్చేరిలో భాగం, అయినా దానిదీ 533తోనే మొదలవుతుంది, 533464. ఉత్తరాలకి రాష్ట్రం కంటే గోదావరే దగ్గర. ఈ కొత్తది పిన్‌కోడులా ప్రాంతంతో ఆగదు, గుమ్మం దాకా తెస్తుంది.

తెస్తుంది, నిజమే. కానీ గడి పేరు చెప్తే గట్టు తెలియదు. మ్యాపు చుక్క ఆ రాత్రి కూడా తప్పు చూపించలేదుగా. నీళ్ళకి ఇవతలా అవతలా అన్నదే తెలియలేదు. పైగా నది మధ్యలో ఉండే మా లంకల్లో నేల ఉన్నచోట ఉండదు. గౌతమి కోస్తూ ఉంటుంది. మా చిన్నత్తవాళ్ళు లంకలో రెండుసార్లు వెనక్కి జరిగి ఇల్లు కట్టుకున్నారు. మొదటి ఇంటికి పంచాయతీ ఇచ్చిన నంబరుకి తరవాత కూడా కొన్నాళ్ళు పన్ను నోటీసు వచ్చింది. మావయ్య ఆ కాగితం పట్టుకుని, "ఇది గోదాట్లో ఇవ్వాలండీ, మాకు కాదు" అని తిప్పి పంపాడు. గడికి కట్టిన అడ్రసు గడితో మునుగుతుంది. వాళ్ళకి కావలసింది ఇల్లు ఎక్కడికి జరిగినా వెంట వచ్చే నంబరు, పక్కన ఏ రేవు దగ్గర పంటు పడవ దిగాలో చెప్పే ఒక మాట.

పేర్ల గురించి కూడా చెప్పాలి. ఇందులో నేను ఊరివాళ్ళతో పూర్తిగా ఏకీభవించను.

నంబర్లతో పాటు వీధులకి పేర్లు కూడా పెడుతున్నాం, ఏమైనా ఉంటే చెప్పండి అని సచివాలయం గోడకి కాగితం అంటించారు. చాలామంది, ఉన్న పేర్లు ఉండనివ్వండి, వాడుకలో ఉన్నదే పేరు అన్నారు. మామూలుగా అయితే అది నా మాటే. రాజమండ్రిలో సినిమాహాలు పేరుతో శ్యామలా సెంటర్ అంటారు, కాకినాడలో భానుగుడి అంటారు, ఎవరూ జీవో ఇవ్వలేదు, ఎవరూ దారి తప్పడం లేదు. పేరు జనం నోట్లో పుడితేనే నిలుస్తుంది. పోలవరాలు రెండైతే ఒకదాన్ని ఐలండ్ పోలవరం అని విడదీసి, ఐ. పోలవరం చేసుకున్నాం. ఆ అక్షరం దాని దారి అది చూసుకుంటోంది.

కానీ మా ఊళ్ళో వాడుకలో ఉన్న పేర్లలో నాలుగు కులాల పేర్లు. అందులో రెండు, ఆ కులంవాళ్ళు తమకి తాము పెట్టుకున్నవి కావు. ఆ పేట నుంచి వచ్చిన నా స్కూలు స్నేహితురాలు హైదరాబాదులో ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు అడ్రసు గడిలో వీధి పేరు రాయకుండా "పోస్టాఫీసు దగ్గర" అని రాసుకుంది. పోస్టాఫీసు అక్కడికి కిలోమీటరు దూరం. వాడుక అనేది వాడేవాడి సుఖం, అనిపించుకునేవాడిది కాదు. ఆ పేర్లు పోవాలి.

పోయాయి కూడా, కాకపోతే ఎలా పోయాయో చూడండి. రామాలయం చుట్టూ ఉన్న నాలుగు వీధులకీ దేవుళ్ళ పేర్లూ దేశ నాయకుల పేర్లూ వచ్చాయి. పేటలకి మాత్రం కాలనీ-1, కాలనీ-2. ఇది తెలివితక్కువతనమో అతి తెలివో నేను చెప్పలేను. కేరళ ప్రభుత్వం 2024 జూన్‌లో ఇలాంటి నివాసాలని కాలనీ అని పిలవడమే మానమని ఉత్తర్వు ఇచ్చింది, ఆ మాటే చిన్నచూపుగా మారిపోయిందని. ఇక్కడ మనం కులం పేరు తీసేసి, అదే అర్థం వచ్చే ఇంకో మాట దాని మీద అంటించాం. పైగా అంకెలు వేసి.

పేరు చిన్న విషయమనేవాళ్ళకి 2022 మే 24 గుర్తుండాలి. కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు చేర్చడం మీద ఆ రోజు అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. ఆ పొగ మా ఊరిదాకా కనపడింది. అందుకే మా సర్పంచి వీధి పేర్ల మాట ఎత్తాలంటే భయపడతాడు. "ఎందుకమ్మాయ్, ఉన్నదేదో ఉండనీ, నంబర్లతో సరిపెట్టుకుందాం" అంటాడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ భయం ఖరీదు ఎప్పుడూ పేటవాళ్ళే కడుతున్నారు. వాళ్ళనే అడగమన్నాను నేను. ఆ వీధిలో కాపురం ఉన్నవాళ్ళు కూర్చుని ఒక పేరు అనుకుంటే పంచాయతీ దాన్ని రాసుకోవాలి. మా స్నేహితురాలి అమ్మగారిని అడిగితే ఒక్క క్షణం ఆలోచించి, "మా వీధిలో మొదట బియ్యే చదివిన మాస్టారి పేరు పెట్టమనమ్మా" అన్నారు. అంత సులువు.

ఆగస్టు 15 గ్రామసభలో నేను లేచి ఇవన్నీ మాట్లాడాను. జెండా వందనం అయ్యాక ఎండలో మూడు వందల మంది ఎక్కడ ఉంటారు, ముప్ఫయ్ మంది ఉన్నారు. గట్టు సంగతి విని నవ్వారు. మూడు నంబర్ల కాగితం సంగతి చెప్తే మాత్రం నవ్వలేదు, మాకూ కావాలి మాకూ కావాలి అన్నారు. కార్యదర్శి గారు, "మా దగ్గర పాత రిజిస్టరు చెదలు పట్టిందమ్మా, ఏ పాత నంబరుకి ఏ కొత్త నంబరో మాకే పూర్తిగా తెలియదు. మీరెవరైనా పట్టిక తయారుచేసి తెస్తే సంతకం పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు" అన్నారు.

ఆఫీసు చెయ్యాల్సిన పని మా నెత్తిన పడిందని కోపం వచ్చింది. మర్నాడు కోపం తగ్గాక తెల్ల కాగితాల పుస్తకం కొన్నాను. మూడు గడులు గీశాను, తారు నంబరు, రేకు నంబరు, స్టిక్కరు నంబరు. నాలుగో గడి నాది, గట్టు. పోస్టుమేన్ గారు ఆదివారాలు వస్తున్నారు. ఆయన సైకిలు ముందు, నేను పిన్నిగారి అబ్బాయి బండి మీద వెనక. తారు చెరిగిపోయిన చోట ఆయన ఇంటివాళ్ళని అడగరు, కళ్ళు మూసుకుని పాత మనియార్డరు గుర్తుచేసుకుని చెప్తారు. "రెండు డాష్ డెబ్భై నాలుగు. వీళ్ళబ్బాయి దుబాయ్ నుంచి పంపేవాడు."

మా వార్డులో 131 ఇళ్ళు. 112 తేలాయి. స్టిక్కర్లు మార్చుకున్న ఆ ఇద్దరినీ ఏ గడిలో రాయాలో ఇంకా తేల్చుకోలేదు, ప్రస్తుతానికి పెన్సిలుతో రాశాను. మిగిలిన వాటిలో ఏడు లంకలోవి. వచ్చే ఆదివారం పొద్దున్న మొదటి పంటుకి వెళ్దాం, నీళ్ళు తగ్గి ఉంటే, అన్నారు పోస్టుమేన్ గారు.